కాలువ చివర మిరప నారు

ప్లాను అన్న మాట మా ఇంట్లో మొదట పలికింది నేను. అది పారదని మొదట చెప్పింది మా ఆయన. పారుతుందో లేదో చెప్పకుండా, "మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దు" అన్నది మా అత్తగారు సుబ్బమ్మ. తీరా చూస్తే ఆ ప్లానును మట్టిలో కలిపినంత పని చేసిందీ, మళ్లీ లేవనెత్తిందీ ఆవిడే. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ నలభై రోజులూ నాకు అన్నం సయించలేదు.

మాది కన్నడ దేశంలో, మోక అవతల ఉన్న క్యాంపు. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి దిగినవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. దిగి అరవై ఏళ్లయినా, మిద్దెలు కట్టినా, మనవలు పుట్టినా క్యాంపు క్యాంపే. మాకున్నది రెండున్నర ఎకరాలు, అదీ కాలువ చిట్టచివర. చివరి పొలానికి నీళ్లు రావడమంటే పెళ్లిలో ఆఖరి బంతి లాంటిది. గారెలు ముందు బంతులకే అయిపోతాయి, మన దాకా వచ్చేది చారు.

వరసగా రెండేళ్లు రెండో పంటకు ఆ చారు కూడా రాలేదు. మా ఆయన తిరుమలేష్‌కు విసుగొచ్చింది. తోరణగల్లు ఫ్యాక్టరీలో లోడరు నడిపే పని ఉందని ఒక కాంట్రాక్టరు చెప్పాడట. ఆరుగురికి ఒక గది, పదిహేను రోజులకొకసారి ఇంటికి రావడం. పొలం కౌలుకిచ్చేసి తాను వెళ్లిపోతానన్నాడు.

"మరి నేను?" అన్నాను.

"నువ్వూ అమ్మా ఈడ ఉండండి. నేను వస్తా పోతా ఉంటా."

పెళ్లయిన పన్నెండేళ్లలో మేము విడిగా ఉన్నది నా రెండు పురుళ్లప్పుడే. వస్తా పోతా ఉండే మొగుళ్లను మా క్యాంపులో చాలామందిని చూశాను. రావడం తగ్గుతూ పోవడం పెరుగుతుంది. అందుకే ఆ పూట చేతికొచ్చిన నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను.

మా పుట్టింటి వైపు మిరప నారు పెంచి అమ్మేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. పైన పచ్చ నెట్టు కట్టి, కింద చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి, గుంటకొక గింజ వేస్తారు. నలభై రోజులకు నారు చేతికొస్తుంది. యాభై దాటితే ముదిరిపోతుంది, ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు. నలభైకీ యాభైకీ మధ్య ఆ పది రోజులే వ్యాపారం. మా పొలంలో ఇంటికి దగ్గరగా, సన్నగా పారే బోరు పక్కన పన్నెండు సెంట్ల జాగాలో రెండు వేల ట్రేలు పెట్టవచ్చని లెక్క తేలింది. ఈసారి కూడా నీళ్లు అనుమానమే కాబట్టి మన క్యాంపుల వాళ్లందరూ వరి మాని మిరప వేస్తారు, నారు మన దగ్గరే కొంటారు. ఇదీ నా ప్లాను.

మా ఆయన అంతా విని పుల్లతో పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఒక్క సీజను" అన్నాను. "నారు అమ్ముడుపోతే మీరు ఉండాలి. పోకపోతే మీ ఇష్టం."

"పోకపోతే నేను బస్సెక్కేటప్పుడు ఏడవకూడదు."

"ఏడవను" అన్నాను. అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారంటారు, నాకు అప్పటికే ఇద్దరు.

నా ప్లానుకు మొదటి సవరణ మర్నాడే పడింది. చేసింది సౌభాగ్య. సౌభాగ్య వాళ్లు మోకలో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లు. పదేళ్ల వయసు నుంచి ఆమె కురుగోడు వైపు నల్లరేగడి చేలల్లో మిరప నాటింది, కలుపు తీసింది, కాయ కోసింది. పనికి పిలిస్తే వచ్చి, నేను పుట్టింటి నుంచి తెప్పించుకోబోతున్న గుంటూరు రకం పేరు విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆ కారం ఈడ ఎవురికి కావాలక్కా? ఈడోళ్లకి కావాల్సింది రంగు. బ్యాడగి ఎయ్యి. కాయ ముడుతలు పడి ఎర్రగా ఉండాల."

బ్యాడగి వేశాం. కొబ్బరి పొట్టు ఎంత తడపాలో కూడా ఆమే చూపించింది. పిడికిట్లోకి తీసుకుని పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ కనబడాలి గానీ కారకూడదు. నేను నోటుబుక్కులో పనులు పంచాను. నీళ్లు నావి, ట్రేలు సౌభాగ్యవి. మొదటి వారంలోనే నా ఫోను నీళ్ల డ్రమ్ములో పడి చచ్చింది, మా ఆయన ఫోను ఆయనతో ఏ రోజు బస్సెక్కుతుందో తెలియదు కాబట్టి, ఆర్డర్ల కోసం ఇవ్వాల్సిన నంబరు అత్తయ్యది. ఆవిడది బొత్తాల ఫోను. బొడ్లో సంచీలో పెట్టుకుని తిరుగుతుంది, మోగితే ఊరంతా వినిపిస్తుంది.

"మధ్యలోకి లాగొద్దన్నానా?" అన్నది ఆవిడ.

"ఫోనెత్తి పేరూ ఊరూ అడగడమే అత్తయ్యా."

"సరేలే" అన్నది. అక్కడే నేను ఒక సంగతి ఆలోచించి ఉండాల్సింది. ఆవిడ తెనాలి దగ్గర నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో ఈ క్యాంపుకు కాపరానికొచ్చింది. యాభై ఏళ్లలో నేర్చుకున్న కన్నడం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రండి, పొండి, ఎంత, వద్దు. ఇంకొకటి, దీపం హచ్చడం. ఎదురింటి బసవమ్మ సాయంత్రం వాకిట్లో కనబడి "దీప హచ్చిదిరేనమ్మా?" అంటే, దీపం వెలిగించారా అని ఈవిడకు తెలుసు.

మొక్కలు మొలిచాయి. పచ్చగా, ఒక్క తీరుగా, చూస్తే కడుపు నిండేలా మొలిచాయి. సరిగ్గా పద్దెనిమిదో రోజున కాలువకు నీళ్లు వదులుతున్నారని కబురొచ్చింది.

క్యాంపంతా పండగ. ట్రాక్టర్లు రోడ్డెక్కాయి, ఇల్లిల్లూ వరి విత్తనాలు నానబోసింది. నా దగ్గర నారు తీసుకుంటామని నోటిమాట ఇచ్చినవాళ్లు ఎదురుపడితే చెప్పులు చూసుకుంటూ నడిచారు. ఒకాయన మాత్రం నిలబడి నిజం చెప్పాడు. "నీళ్లొచ్చాక మిరపెవరేస్తారమ్మా? మనం పుట్టింది వరి తినడానికి." కాలువలో నీళ్లొచ్చాయని ఏడ్చిన రైతు ఇల్లాలు ఆ జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా ఆయన దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది, పోట్లాడుకునేవాళ్లం. ఆయన ఊరికే సంచీ దులిపి ఆరేశాడు.

"మన క్యాంపులోళ్లు కొనకపోతే ఏందక్కా?" అంది సౌభాగ్య. "కురుగోడు దిక్కు మిరపే కదా ఏసేది. వాళ్లకి అమ్ము."

"వాళ్లు మనకు తెలియదు కదే."

"బోర్డు పెట్టు. తెలుస్తాది."

బోర్డు పెట్టాం. మోక బస్టాండు దగ్గర బోర్డులు రాసే హులిగప్పను పట్టుకుని, కన్నడం అక్షరాల్లో మిరప నారు దొరుకుతుందని రాయమన్నాను. అతను పాపం నేనేది చెబితే అది రాశాడు. మిగతాదంతా కన్నడంలో పెట్టి, "మిరప నారు" అన్న రెండు మాటలూ నేను పలికినవి పలికినట్టు కన్నడం అక్షరాల్లోకి దించాడు. మెయిన్ రోడ్డు మలుపులో వేపచెట్టుకు కట్టాం. రెండు రోజులు ఎన్నో బైకులు ఆ బోర్డు దగ్గర ఆగాయి. ఆగినవాళ్లు చదివి, ఒకళ్ల భుజం మీద ఒకళ్లు కొట్టుకుని నవ్వి పోతున్నారు. మూడో రోజు సౌభాగ్య పరుగున వచ్చింది.

"ఏందక్కా ఇట్ల రాయిస్తివి? కన్నడంలో నారు అంటే కంపు. ఈడ మిరప కంపు దొరకతాది అని రాసి, కింద అవ్వ నంబరేస్తివి."

"మరి నారును ఏమంటారే?"

"అగి అంటారు. మెణసిన అగి."

హులిగప్ప నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, రంగు ఖర్చు కూడా తీసుకోకుండా దిద్దిచ్చాడు. ఈసారి సౌభాగ్య పక్కన నిలబడి అక్షరం అక్షరం చదివించుకుంది. మూడు ఊళ్ల మలుపుల్లో మూడు బోర్డులు కట్టాం. ఇక ఫోన్లు ఆగకుండా వస్తాయనుకున్నాను.

ఇరవై ఆరో రోజు అడిగాను. "ఎవరైనా చేశారా అత్తయ్యా?"

"నారు కోసం ఎవరూ చెయ్యలేదమ్మా."

ముప్ఫైయో రోజు అడిగాను. అదే మాట. ముప్ఫై మూడో రోజు నేను నీళ్లు పడుతుండగానే ఇంట్లో ఫోను మోగడం నా చెవులతో విన్నాను. పరుగెత్తుకెళ్లేసరికి ఆవిడ ఫోను సంచీలో దోపుకుంటోంది. మొహం పాలిపోయి ఉంది.

"ఎవరు?"

"రాంగ్ నంబరు" అన్నది.

ఆ వారంలోనే అత్తయ్య తీరు మారింది. నడుం నొప్పని పగలంతా పడుకునే మనిషి, నులకమంచం మోయించుకుని నెట్టు గుమ్మం ముందు వేయించుకుంది. నాలుగు బకెట్లూ రెండు డ్రమ్ములూ ఎప్పుడూ నిండి ఉండాలని శాసనం చేసింది. మంచం పక్కన కాలం చేసిన మామయ్య చేతికర్ర. దారిన పోయే ముసలాయన బీడీ ముట్టించుకుంటే పొలం గట్టు దాటేదాకా వెంటపడి తిట్టింది. పొయ్యిలో బూడిద కూడా చల్లారిందో లేదో చేత్తో చూశాక గానీ పారెయ్యనివ్వలేదు. ఆవిడకు నా మొక్కల మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి ఆవిడ కంచంలో నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేశాను. ఫోనెత్తడానికే బతిమాలించుకున్న మనిషి ఎండలో కూర్చుని కాపలా కాస్తోంది కదా అని.

"మా అమ్మకు కూడా పిచ్చి పట్టించినావు" అన్నాడు మా ఆయన.

సౌభాగ్య మాత్రం మొక్కల వంక చూస్తోంది, రోజుల వంక చూస్తోంది. "నీళ్లు తగ్గించక్కా. పూటకి బదులు దినానికొకసారి సాలు. కొంచెం వాడినా పరవాలే. మొక్క బలుస్తాది గానీ ఎత్తు పెరగదు. నాలుగు దినాలు కలిసొస్తాయి" అంది. నా ప్లానుకు అది నాలుగో మార్పో అయిదోదో. అప్పటికి నోటుబుక్కులో కొట్టివేతలే తప్ప రాతలు మిగల్లేదు.

ముప్ఫై తొమ్మిదో రోజు కాంట్రాక్టరు ఫోను చేశాడు. రేపు చేరకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు. నలభై ఇంకా నిండలేదని నేను అనవచ్చు. అనలేదు. ఒక్క ట్రే పోని చోట పది రోజులేమిటి, నూరు రోజులేమిటి? రెండు లుంగీలు, రెండు ప్యాంట్లు, పచ్చడి సీసా సర్దాను. బస్టాపు దాకా నడిచాం. అత్తయ్య కూడా వస్తానంది, మళ్లీ నెట్టు వైపు చూసి ఆగిపోయింది.

"నీళ్లు మరీ తగ్గించకు" అన్నాడు బస్సెక్కుతూ. "ఎండ గట్టిగుండాది. వేరు ఎండిపోతాది."

నమ్మకం లేని మనిషికి వేరు సంగతి ఎందుకో నాకు అర్థం కాలేదు. బస్సు మలుపు తిరిగేదాకా మాట నిలబెట్టుకున్నాను. తిరిగాక నా వల్ల కాలేదు.

నలభై ఒకటో రోజు పొద్దున పదింటికి, నేనూ సౌభాగ్యా నెట్టు లోపల ఉన్నాం. బయట బైకు ఆగిన చప్పుడైంది. ఒక మగగొంతు, "తాయీ, అగి ఐతేన్రీ? అగి హచ్చబేకు" అంటోంది. ఆ వెంటనే అత్తయ్య అరుపు, బకెట్టు నీళ్లు ధబాలున పడ్డ చప్పుడు.

బయటికి పరుగెత్తాం. యాభై అయిదేళ్ల పెద్దమనిషి, తెల్ల పంచె, తెల్ల చొక్కా, నెత్తి మీద నుంచి నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాడు. నోట్లో ఆరిపోయిన బీడీ. అత్తయ్య రెండో బకెట్టు ఎత్తబోతోంది.

"వీడే. ఇదే గొంతు. నాలుగుసార్లు చేశాడు. ఇప్పుడు నిప్పు నోట్లో పెట్టుకునే వచ్చాడు" అంటోంది రొప్పుతూ.

సౌభాగ్య నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో, వీరభద్రప్ప. కురుగోడు గౌడు, పెద్ద రైతు. వాళ్ల సేన్లో పనిజేసినా నేను."

వీరభద్రప్ప మొహం తుడుచుకున్నాడు. కోపం కంటే ఆయన గొంతులో ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "ఏనమ్మా, మీ ఇంట్ల పెద్దామెకి నా మీద ఏం సిట్టు, ఏం కోపం? బోర్డు జూసి నాలుగు సల ఫోను జేస్తి. అగి ఉండాదా అంటే తిడతాది, ఎప్పుడు రావాల అంటే తిడతాది, పోలీసోళ్లకి సెప్తా అంటాది. అగి లేకుంటే లేదని సెప్తే సాలు కదా."

"ఏమడిగాడో అడుగు" అంది అత్తయ్య నా వైపు తిరిగి. బకెట్టు ఇంకా వదల్లేదు. "అగ్గి హచ్చాలట. నాకు కన్నడం రాదనుకున్నారు అందరూ. హచ్చడమంటే వెలిగించడం కాదూ? బసవమ్మ రోజూ దీపం హచ్చావా అని అడగదూ? నెట్టుకు అగ్గి పెడతామని ఫోను చేసి మరీ బెదిరిస్తుంటే, పోలీసులకు చెప్పనా, హారతివ్వనా?"

సౌభాగ్య ఉన్నచోటనే నేల మీద కూలబడింది. నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుంది.

"అవ్వా, దీపమూ హచ్చుతారు, అగీ హచ్చుతారు. అగి అంటే నారు. అగి హచ్చేది అంటే నారు నాటేది. నీ నారు కావాలని అడుగుతాండాడు అవ్వా ఆయప్ప."

అత్తయ్య బకెట్టు కింద పెట్టింది. మంచం మీద కూర్చుంది. నేను ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను.

"ఎంతమంది చేశారు అత్తయ్యా?"

"రోజుకొక కొత్త గొంతు" అంది మెల్లగా. "దొంగల ముఠా అనుకున్నానే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వాడితో చెబుతావు. వాడు ఈ గొడవెందుకు, మూసెయ్యమంటాడు. మూసేస్తే తోరణగల్లు పోతాడు. నేను కాపలా ఉంటే చాలు, ఏదో ఒకనాటికి నారు పోతుంది, వాడు ఉంటాడు అనుకున్నా. తీరా నేనే..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి నేను నిజంగా ప్రయత్నించాను. రాలేదు. వారం పైగా దొంగల ముఠాకు ఎదురుగా ఒంటరిగా ఒక కర్రతో కూర్చున్న అరవై ఎనిమిదేళ్ల మనిషిని ఏమంటాం? భుజం మీద చెయ్యేశాను. ఆ భుజం కింద నుంచి వణుకు మొదలై, అది నవ్వయి, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం, ఏడ్చాం, ఏది ఎప్పుడు అయిందో చెప్పలేను.

వీరభద్రప్పకు తువ్వాలు ఇచ్చాం. కాఫీ ఇచ్చాం. ఆయన తల తుడుచుకుంటూ నెట్టు లోపలికి వచ్చి, అడగకుండానే ఒక ట్రేలోంచి మొక్కను మెల్లగా పైకి లాగాడు. పొట్టును పట్టుకుని తెల్లటి వేళ్లు జాలీలాగా అల్లుకుని వచ్చాయి. కాండం మీద బొటనవేలు ఆనించి చూశాడు.

"ఎవురు పెంచినారు?"

సౌభాగ్యను చూపించాను.

"నీళ్లు తగ్గించి బలిపించినావు" అన్నాడు ఆమెతో. ఆమె తల వంచుకుంది. "ఏడు నూర్లు ట్రేలు నాకు కావాల. ట్రాక్టరు రేపు పంపిస్తా." ఆ మొక్కను మళ్లీ దాని గుంటలోనే పెట్టి వేలితో నొక్కాడు. "ఇంకొకటి సెప్తా, తప్పు అనుకోవద్దు. మా దిక్కు రైతులకి సొంత ఇత్తనం మీదే నమ్మిక. అంగట్లో కొన్నది మోసమైతే ఏడాదంతా పోతాది. వచ్చే ఏడు మా ఇత్తనాలు మేమే ఇస్తాము, నువ్వు పెంచి ఇయ్యి. కూలి తీసుకో. మేము ఇత్తనమిచ్చినాక అగి తీసుకోకుండా యాడ పోతాము?"

నేను నోటుబుక్కు నింపి, కొట్టేసి, మళ్లీ నింపిన నలభై రోజుల్లో ఇంత చిన్న మాట నాకు తట్టలేదు. నారు తయారయ్యాక కొనేవాళ్లను వెతకడం కాదు, కొనేవాళ్లే ముందుగా గింజ చేతిలో పెట్టి వెళ్తారు. "సరేనప్పా" అన్నాను.

ఆయన వెళ్లాక అత్తయ్య ఫోను తీసుకుని కూర్చున్నాం. వచ్చిన ఫోన్ల జాబితాలో ఆయనది కాక తెలియని నంబర్లు పదిహేడు. ఒక్కొక్కదానికి సౌభాగ్యే చేసింది. ఎత్తగానే, "తిట్టేదానికి కాదురీ, పెట్టెయ్యొద్దు" అని కన్నడంలో మొదలుపెట్టి తర్వాత సంగతి చెప్పింది. అయిదుగురు అప్పటికే వేరేచోట కొన్నారు. ఇద్దరు నంబరు చూసే కట్ చేశారు. మిగతా పదిమందీ వస్తామన్నారు. మధ్యాహ్నానికి రెండు వేల ట్రేలలో ఎవరూ అడగనివి నూటయాభై మిగిలాయి. వాటి గురించి నాకు బెంగ లేదు, ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

"ఇలా ఇవ్వు. వాడికి నేనే చెబుతా. తప్పు నాది" అంది అత్తయ్య.

ఆవిడ ఫోనులో గట్టిగా మాట్లాడుతుంది. అవతల నుంచి మెషీన్ల హోరు నాకే వినిపిస్తోంది. "ఒరేయ్ తిరుమలా, అగ్గి కాదంట్రా... అగి అంట... రేపు మొత్తం పట్టుకుపోతారంట... నువ్వొచ్చెయ్" అంది. ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. "విన్నాడులే" అని సంచీలో పెట్టుకుంది.

సాయంత్రం అయిదింటికి రోడ్డు మీద ఎవరిదో బైకు వెనక నుంచి దూకి ఒక మనిషి మా గట్టు మీద పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. నెత్తిన పసుప్పచ్చ హెల్మెట్టు, ఒంటి మీద మెరిసే చారల కోటు. దగ్గరికొచ్చేదాకా మా ఆయనని పోల్చుకోలేకపోయాను. వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత కాలిపాయ? నీకేం కాలేదు కదా?"

"ఏం కాలింది?"

"నెట్టు. అమ్మ జెప్పె. అగ్గి అనె, మొత్తం పోతాది అనె." ఊపిరి అందడం లేదు. "షిఫ్టు మధ్యల దిగి వస్తి. ఎవరికీ చెప్పలే. రెండు బస్సులు మారి, ఈడికి బస్సు లేకపోతే ఎవరి బైకో ఎక్కితి. దారి పొడుగునా పొగ కనబడతాదా అని చూస్తా వస్తి. నలభై దినాలు నువ్వు వంగి వంగి నీళ్లు పట్టింది..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్లాను పారదని చెప్పిన మనిషి. చెప్పి సంచీ దులిపిన మనిషి. ఈయన ఈ మొక్కలను నాకంటే తక్కువేమీ లెక్కపెట్టుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. ఇంత సంతోషం నాకు పదకొండు ఆర్డర్లు కలిసొచ్చినా కలగలేదు.

చెయ్యి పట్టుకుని నెట్టు లోపలికి తీసుకెళ్లాను. వరసలు వరసలుగా రెండు వేల ట్రేలూ అలాగే ఉన్నాయి. ఏం జరిగిందో చెప్పాను. అగి దగ్గర ఒకసారి ఆపించాడు, బకెట్టు దగ్గర ఇంకొకసారి. అంతా విని, డ్రమ్ము అంచు మీద కూర్చుని హెల్మెట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"షిఫ్టు వదిలొచ్చినోణ్ణి వాళ్లు మళ్లీ రానియ్యరు" అన్నాడు.

"రానివ్వకపోతే పీడా పోయింది" అంది గుమ్మం దగ్గర నుంచి అత్తయ్య. తర్వాత కొడుకు మొహం చూసి, "అన్నం తిన్నావా?" అంది.

భోజనాల దగ్గర తోరణగల్లు ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పిల్లలిద్దరూ హెల్మెట్టు నేను పెట్టుకుంటానంటే నేను పెట్టుకుంటానని కొట్టుకుంటున్నారు. ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. చెయ్యి కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"రేపు ఎన్నింటికి లేవాల పద్మా?"

ట్రాక్టరు ఎనిమిదింటికి గానీ రాదు.

"నాలుగింటికి" అన్నాను.

మారుమాట్లాడకుండా ఫోను తీసి అలారం పెట్టుకున్నాడు. పెట్టుకోనిచ్చాను.